సవరణలుంటే ఇరవై నాలుగు గంటల్లోగా

పది గంటలకు బెల్లు మోగింది, సభ్యులంతా లేచారు, స్పీకరు వచ్చి కూర్చున్నారు, అందరూ కూర్చున్నారు, నలభై ఒకటో సీటులో కండక్టరమ్మ కూడా కూర్చుంది, కుడి పిడికిట్లో మడిచిన చీటీ అలాగే ఉంది. ఇక అరవై నిమిషాలు. స్పీకరు తల మీదున్న గడియారంలో పెద్దముల్లు ఒక్క చుట్టు తిరిగేసరికి ప్రశ్నోత్తరాల సమయం అయిపోతుంది, తర్వాత అందరూ లేచి బయటి హాల్లోకి నడుస్తారు, అక్కడ కొత్త గోడకు బిగించిన నల్లరాయి మీద నీలం తెర వేలాడుతోంది, స్పీకరు తాడు లాగుతారు, తెర జారుతుంది, చప్పట్లు. రాయి మీద రెండు వాక్యాలు, వాటి కింద ఆమె పేరు. 'ఆఖరి స్టాపులో దిగేది ఒక్కరే కావచ్చు. ఆ ఒక్కరి దాకా వెళ్ళేదాన్నే ప్రభుత్వం అంటారు.' ఈ సభలో ఇన్నేళ్ళలో ఎవరూ ఇంతకంటే మంచి మాట అనలేదని ఒక కమిటీ కూర్చుని తేల్చిందట, అన్ని పార్టీలూ ఒప్పుకున్నాయట. అన్ని పార్టీలూ ఒకే మాట మీదికి రావడం, అయిదుసార్లు గెలిచొచ్చిన మనిషి, తమ జీతాలు తాము పెంచుకున్న రోజున తప్ప ఎన్నడూ చూడలేదు. అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే, ఆ మాట ఆమెది కాదు. చీటీలో ఉన్నది ఒక్క లైను: వ్యక్తిగత వివరణకు అనుమతి కోరుతున్నాను. పదకొండు లోపల అది స్పీకరు బల్ల మీదికి చేరితే ఆయన పిలుస్తారు, ఆమె లేచి నిజం చెబుతుంది. చేరకపోతే తెర జారుతుంది, ఇక ఆ రాయి ఉన్నంత కాలం ఆ పేరూ ఉంటుంది.

భయమా? అబ్బే. పదకొండేళ్ళు బస్సులో నిలబడి, నూట పది మంది ఎక్కిన బండిలో చివర ఎవడు టిక్కెట్టు తీసుకోకుండా కిటికీలోంచి చూస్తున్నాడో వాడి మెడ వెనక భాగం చూసి చెప్పేది, అలాంటిదానికి భయమేమిటి. ఇప్పుడూ అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టింది, పాలకపక్షంలో డెబ్భై రెండు, ఇవతల నలభై ఆరు, మూడో వరుసలో ఇద్దరు అప్పుడే ఫోన్లో మునిగారు, ఆరోగ్య మంత్రి కాగితాలు తడుముకుంటున్నాడు, పాపం, జవాబు వేరే ఫైల్లో పెట్టుకుని వచ్చి ఉంటాడు. ఈ సభంటే ఆమెకు ఇష్టం. మొదటిసారి వచ్చినప్పుడు ఇంత పెద్ద హాలు, ఇంత మెత్తటి సీటు చూసి, ఇక్కడ కూర్చుంటే నిద్ర రాక ఏం వస్తుంది అనుకుంది, తర్వాత తెలిసింది చాలామందికి వచ్చేది అదేనని. ఆమెకు మాత్రం ఒక్కనాడూ కునుకు రాలేదు. ఆమె గొంతు లేస్తే పక్కవాళ్ళకీ వచ్చేది కాదు. ఏం గొంతు అది! ముందుకు జరగండి, ముందుకు జరగండి అని పదకొండేళ్ళు అరిచి అరిచి గరగరలాడిపోయింది, ఫోనెత్తి హలో అంటే ఇప్పటికీ 'నమస్తే సార్' అంటారు, ఆమె దిద్దదు, సారే కానీ పని చెప్పు అంటుంది. ఆ గొంతు వల్లే గెలిచింది, ఆ గొంతు వల్లే ఈ చిక్కూ వచ్చింది.

గొంతు వల్లా, అత్తగారి వల్లా గెలిచింది అనాలి. కోడలు కండక్టరుగా ఉన్న బస్సులో టిక్కెట్టేమిటని దర్జాగా కూర్చున్న అత్తగారిని, మూడు స్టాపులు చూసి, నాలుగో స్టాపులో విజిలు వేసి దింపేసింది. బస్సు బస్సంతా నోరు తెరిచింది. ఆ రాత్రి ఇంట్లో జరిగిన యుద్ధం సంగతి వేరు, కానీ తెల్లారేసరికి ఆ కథ డిపోలన్నీ తిరిగింది, అత్తగారినే దింపింది, ఇక మంత్రినైనా దింపుతుంది అన్నారు జనం, యూనియన్ వాళ్ళు వచ్చి నిలబడమన్నారు. ప్రచారంలో అత్తగారు స్వయంగా వేదికెక్కి, 'ఇది నన్నే దింపేసింది తల్లీ, దీనికి ఓటెయ్యండి, ఇంట్లోంచి పోతుంది, నాకు మనశ్శాంతి' అంది. ఓట్లు కుప్పలుగా పడ్డాయి. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ఉండి ఉంటే ఈ చీటీ సంగతి ఆవిడకు చెప్పేదేమో, ఆవిడ నవ్వి, నీకు కావలసిందేలే అనేది, ఆ తర్వాత ఎవరైనా కోడల్ని పల్లెత్తు మాటంటే వాళ్ళ తాట తీసేది.

'అధ్యక్షా, మూడో ప్రశ్న' అన్నారెవరో. వీధి దీపాల గురించి. మంత్రి లేచి, గౌరవ సభ్యుల సూచన పరిశీలిస్తామని చెప్పాడు. పరిశీలిస్తాం. ఆ రోజు కూడా రవాణా మంత్రి అదే అన్నాడు, అధికారితో ఏదో గుసగుసలాడుతూ సగం లేచి, ఎవరు ఏం మాట్లాడారో కూడా చూసుకోకుండా. పంతొమ్మిదేళ్ళ కింద, ఆమె మొదటిసారి గెలిచిన మూడో ఏడు, భోజనాల తర్వాత, హాల్లో ముప్ఫై మంది కూడా లేరు, ఉన్నవాళ్ళలో సగం మంది తలలు ముందుకు వాలుతున్నాయి, పత్రికల వాళ్ళ గ్యాలరీ ఖాళీ, స్పీకరు స్థానంలో ఒక పెద్దాయన కూర్చుని కళ్ళు తెరిచే నిద్రపోతున్నాడు. నష్టాల్లో ఉన్న నూట పన్నెండు రూట్లు ఎత్తేద్దామని ప్రభుత్వ ప్రతిపాదన. ఆమె తన వంతు అప్పటికే మాట్లాడేసింది, బాగానే అరిచింది, ఏమన్నదో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు, అన్నీ అంకెలు. అప్పుడు లేచారు మాస్టారు. నడవాకు అవతలి సీటు ఆయనది, పాలకపక్షం చిట్టచివరి సీటు, ఇవతల ప్రతిపక్షం మొదటి సీటు ఆమెది, మధ్యలో నడవా అంతే. హెడ్మాస్టరుగా చేసి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి, నోట్లో నాలుక లేనట్టుండేవారు, మూడేళ్ళలో ఆయన లేచింది అదే మొదలేమో. తన పార్టీ తెచ్చిన ప్రతిపాదన మీద తానే లేచారు, లేచి ఏదో అంటున్నారు, పెదాలు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదు, మైకు చచ్చిపోయింది. పైగా ఆయనకు జలుబు. రెండు నిమిషాలు చూసింది, మూడో నిమిషం ఆగలేకపోయింది, 'అధ్యక్షా, మాస్టారి మైకు పనిచెయ్యట్లేదు, నాది ఇస్తున్నా' అని అరిచి, తన బల్ల మీది మైకు కాడను నడవా మీదుగా అటు వంచింది, ఆయన ఇటు వంగారు, ఎర్ర లైటు వెలిగింది, నలభై ఒకటో సీటు లైటు.

సరిగ్గా అప్పుడే రిపోర్టరు మారాడు. సభ మధ్యలో చిన్న బల్ల దగ్గర కూర్చుని అన్న ప్రతి ముక్కా రాసుకునేవాళ్ళు, వాళ్ళకు అయిదు నిమిషాలకొక వంతు, అయిదు నిమిషాలవగానే పాతవాడు పుస్తకం మూసి లేస్తాడు, కొత్తవాడు చెవులకు హెడ్‌ఫోన్లు తొడుక్కుని కూర్చుంటాడు. మైకు ఇస్తున్నా అన్న మాట వినేసరికి పాతవాడు లేస్తున్నాడు, కొత్తవాడు ఇంకా కూర్చోలేదు. కూర్చుని తలవంచి తన బల్ల మీద వెలిగిన సీటు లైటు చూసుకున్నాడు, నలభై ఒకటి, చెవిలో గరగరలాడే గొంతు. జలుబు చేసిన మాస్టారి గొంతూ, ఏ జలుబూ లేని ఆమె గొంతూ ఒక్కటే. ఇంకేముంది, కండక్టరమ్మ పేరు రాసుకుని మొదలుపెట్టేశాడు. అప్పట్లో కెమెరాలు లేవు, టేపు కూడా రికార్డు అచ్చయ్యాక చెరిపేసి మళ్ళీ వాడేవారు. మాస్టారు మాట్లాడింది నాలుగు నిమిషాలు. ఆఖరి వాక్యం దగ్గర ఆమెకు ఒళ్ళు జలదరించింది, అది మాత్రం బాగా గుర్తు. పదకొండేళ్ళు ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, ఒక్క ముసలాయన దిగి సంచి భుజాన వేసుకుని చీకట్లోకి నడిచిపోతుంటే చూసి, బండి తిప్పుకుని వచ్చింది తాను. ఆ మాట తట్టింది మాత్రం బస్సు ముఖం వారానికోసారి చూసే మాస్టారికి. అసూయ పుట్టింది. పుట్టదా మరి.

మర్నాడు పొద్దున్నే గోధుమరంగు కవరు వచ్చింది, మాట్లాడిన ప్రతి సభ్యుడికీ వస్తుంది, నిన్న మీరు అన్నది ఇదీ అని టైపు చేసిన కాగితాలు, పైన అచ్చువేసిన చీటీ: సవరణలుంటే ఇరవై నాలుగు గంటల్లోగా తిప్పి పంపగలరు, భాష దిద్దవచ్చు, భావం మార్చరాదు. వంటింటి బల్ల దగ్గర టీ తాగుతూ తిరగేసింది, తన అంకెలు తాను చదువుకుంది, మూడో పేజీలో మాస్టారి మాటలు కనిపించాయి, పైన పేరు చూస్తే తనది. మొదట నవ్వొచ్చింది. ఈ రిపోర్టర్లకు కళ్ళు లేవా అనుకుంది. కొట్టేద్దామని పెన్ను తీసింది కూడా, ఒట్టు, మూత తీసిందని గుర్తు. అంతలో పదేళ్ళ కూతురు, బడికి వెళ్ళే బట్టల్లో, ఒక జడ వేసుకుని రెండో జడ వేయించుకోవడానికి వచ్చి, భుజం మీదుగా తొంగి చూసి పైకి చదివింది. 'చివరి స్టాపులో దిగేది ఒక్కరే కావచ్చు...' మొత్తం చదివి, నోరు తెరిచి, 'అమ్మా, ఇది నువ్వన్నావా?' అంది. ఆ పిల్ల కళ్ళు! అప్పటిదాకా వాళ్ళమ్మ అంటే బళ్ళో పిల్లలు వెక్కిరించే మగ గొంతు, అత్తను దింపేసిన కథ, అంతే. 'ఊఁ' అంది కండక్టరమ్మ. అంతే అంది. ఒక్క ఊఁ. జడ వేసి బడికి పంపి మళ్ళీ కాగితం ముందు కూర్చుని, కొట్టెయ్యలేదు సరిగదా, 'చివరి' అన్న మాట కొట్టి 'ఆఖరి' అని దిద్దింది, బస్సులో ఎవడూ చివరి స్టాపు అనడు కదా అని. దిద్ది సంతకం పెట్టి కవరులో పెట్టింది. భర్త డిపోలో మెకానిక్కు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చి చేతుల గ్రీజు తుడుచుకుంటూ ఆ కాగితం చదివాడు. 'ఇది నీ మాట కాదే' అన్నాడు. ఎందుకు కాదు అంది. 'నీకు ఇంత నెమ్మదిగా కోపం రాదు' అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు, ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా. ఎత్తి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత జరిగింది చూస్తే ఎవరికైనా మతిపోతుంది. వారం తిరగకముందే ఒక పత్రిక రికార్డులోంచి ఆ రెండు వాక్యాలు తీసి మొదటి పేజీలో వేసింది, కండక్టరు అన్న మాట అని శీర్షిక, కండక్టరు కాక ఇంకెవరంటారు అని జనం. డిపో గోడల మీద రాశారు, బస్సుల వెనక రాశారు, ప్రభుత్వం జంకింది, నూట పన్నెండు రూట్లలో ఒక్కటీ ఆగలేదు. రెండోసారి నిలబడినప్పుడు పోస్టరు మీద ఆమె బొమ్మ కంటే ఆ వాక్యాలే పెద్దవి. సభల్లో ఆమె ఏనాడూ 'నేను అన్నాను' అనలేదు, 'సభలో అన్నట్టు' అనేది, ఎవరు అన్నట్టో చెప్పేది కాదు, అబద్ధం ఆడలేదు కదా అని తనకు తాను సర్ది చెప్పుకునేది, ఏం తెలివి! ఈ ఒక్కటీ పక్కన పెడితే అయిదు గెలుపులూ ఆమెవే, అందులో అనుమానం లేదు. ఆస్పత్రికి రెండో అంతస్తు ఆమె వేయించింది, మహిళా కండక్టర్లకు డిపోల్లో గదులు ఆమె కట్టించింది, ఒక ఇంజనీరు వంతెన కాగితం మీదే కట్టి చూపిస్తే ఆ కాగితం పట్టుకుని ఏటి ఒడ్డుకు వెళ్ళి, రండి నడుద్దాం అని అతన్ని నీళ్ళలోకి లాక్కెళ్ళింది, వంతెన ఏడాదిలో లేచింది. పొద్దున్నే ఇంటి ముందు నిలబడే జనానికి ఆమె పనే కావాలి, మాట కాదు. ఇదంతా తెలుసు, అందుకే భయం లేదు. వచ్చే ఎన్నికల్లో ఎదుటివాళ్ళు మాటల దొంగ అని ఊదరగొడతారు, కొట్టనీ, తిట్లు తినడం కొత్తా.

మరి చీటీ ఇంకా పిడికిట్లోనే ఎందుకుంది? గడియారంలో పదిన్నర దాటింది. తల ఎత్తితే గ్యాలరీలో రెండో వరుసలో కూతురు. అందుకే ఉంది. పదేళ్ళప్పుడు బళ్ళో పోటీలో ఆ నాలుగు నిమిషాల ప్రసంగం అప్పజెప్పి మొదటి బహుమతి తెచ్చుకుంది, అక్షరం పొల్లుపోకుండా, చెయ్యి ఎత్తవలసిన చోట ఎత్తి. ఇప్పుడు వకీలు. మొదటి కేసు గెలిచిన రోజు ఫోన్ చేసి, 'నీ మాట చదివిన రోజునే అనుకున్నా అమ్మా, నోరున్నది ఇందుకని' అంది. ఆ రోజు చెప్పి ఉండాల్సింది. చెప్పబోయింది కూడా, గొంతు దాకా వచ్చింది, పిల్ల సంతోషంలో ఉంది, రేపు చెబుదాంలే అనుకుంది, రేపు అంటూ అంటూ ఆరేళ్ళు. ఇవాళ పొద్దున్న కూడా కార్లో పక్కనే కూర్చుంది, కొత్త చీర కట్టుకుని, కోర్టుకు సెలవు పెట్టి, 'నాకంటే ఎక్కువ ఎవరికీ గర్వంగా ఉండదమ్మా ఇవాళ' అంది, వాళ్ళమ్మ కిటికీలోంచి బయటికి చూసింది, సరిగ్గా టిక్కెట్టు తీసుకోనివాడు చూసినట్టు. లక్ష మంది ఏమన్నా అనుకోనీ, ఈ ఒక్క మనిషి ముఖం మారితే చూడలేదు. జనం ముందు ధైర్యం ఉంది, కూతురి ముందు లేదు, అదీ సంగతి.

కూతురి ముందు వరుసలోనే మాజీ సభ్యుల మధ్య మాస్టారు. ఎనభై రెండేళ్ళు, చేతికర్ర, తెల్ల చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని. పొద్దున్న కారిడార్లో ఎదురయ్యారు, ఆయనే ఆపారు, రాయి చూశానమ్మాయ్, తెర పక్కకు లాగి చూశాను, అక్షరాలు ముచ్చటగా చెక్కారు అన్నారు. అప్పట్లో క్యాంటీన్లో కూడా ఇలాగే 'బాగా మాట్లాడావమ్మా' అన్నారు, అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో పంతొమ్మిదేళ్ళుగా తేల్చుకోలేక చచ్చింది. ఇవాళ మాత్రం ఆయనే తేల్చారు. చుట్టూ జనం పోతున్నారు, ఆయన గొంతు తగ్గించి, 'మర్నాడు నాకు కవరు రాలేదు, వెళ్ళి రికార్డు కాగితం అడిగి చూశాను. అందులో నా పేరే లేదు. పార్టీ నన్ను వెళ్ళగొడుతుందని తెలిసే లేచానమ్మా, ఇంట్లో చెప్పి మరీ వచ్చాను. ఆ కాగితం చూసి హమ్మయ్య అనుకున్నాను. అదే నా సిగ్గు. ఎవరో ఒకరు అన్నారు, బస్సులు ఆగలేదు, చాలు అని సర్దుకున్నాను. నువ్వేం దొంగిలించలేదు, నేనే పారేసుకున్నాను. వదిలెయ్' అన్నారు. ఏదో చెప్పబోయింది. 'ఆఁ?' అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. చెవులు పోయాయి మనిషికి. మళ్ళీ చెప్పబోయింది, మళ్ళీ ఆఁ? మార్షల్ చూస్తున్నాడు, ఇద్దరు విలేకరులు అటే వస్తున్నారు. గుసగుసగా చెప్పుకోవలసిన క్షమాపణ, గుసగుస వినపడని మనిషికి. అరిచి చెప్పాలి, లేదా ఊరుకోవాలి. ఆయన ఆమె చెయ్యి తట్టి, కర్ర టకటకలాడించుకుంటూ మెట్ల వైపు వెళ్ళిపోయారు.

పారేసుకున్నాను అన్నారు. ఆ మాట మనసులో నాటుకుంది, వీధి దీపాలు అయిపోయాయి, ఆస్పత్రి మందుల ప్రశ్న నడుస్తోంది, ఆరోగ్య మంత్రి నీళ్ళు నములుతున్నాడు, ఆమె చెవిన పడటం లేదు. పారేసుకున్న వస్తువు గురించి మాస్టారికేం తెలుసు, ఆమెకు తెలుసు. పదకొండేళ్ళలో బస్సులో ఏమేం దొరికాయి! గొడుగులు లెక్కలేనన్ని, ఒంటి చెప్పు, కట్టుడు పళ్ళు, ఎక్కడో అప్పగించాల్సిన పెళ్ళి ఫొటోల ఆల్బం, ఒకసారి సంచీలో బతికున్న తాబేలు. దొరికినది ఏదైనా ట్రిప్పు అయ్యాక డిపోలో ఇచ్చెయ్యాలి, ఏ సీటు కింద, ఏ స్టాపు దగ్గర, ఎన్ని గంటలకు అని కాగితం కట్టి. ఎవరూ అడగడానికి రాకపోయినా సరే, పారేసుకున్నవాడు పోతే పోయిందిలే అన్నా సరే. కండక్టరు ఇంటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. పట్టుచీర దొరికినా ఇచ్చింది, ఒకసారి ఎంతో నచ్చిన చేతి గడియారం, మూడుసార్లు చేతికి పెట్టుకుని చూసుకుని మరీ ఇచ్చింది. ఇంటికి తీసుకెళ్ళింది ఒక్క మాస్టారి మాటే. తీసుకెళ్ళి కూతురికి ఆడుకోవడానికి ఇచ్చింది. ఆ పిల్ల దాన్ని బొమ్మలా పట్టుకుని పెరిగింది, పాపం, వస్తువు ఎవరిదో తెలియకుండా. అనుకోగానే ఎక్కడలేని కోపం వచ్చింది, ఎవరి మీద, తన మీదే. తన చేతిలో పెరిగిన పిల్ల, సాక్షుల్ని నిలదీసే వకీలు, నిజం చెబితే తట్టుకోలేదని ఎలా అనుకుంది, అంత చేతకానిదానిలా పెంచిందా? ఛీ. గడియారం చూసింది. పది యాభై మూడు. చెయ్యి ఎత్తి వేలు ఆడించింది, తెల్ల దుస్తుల అటెండరు వంగుతూ వచ్చాడు, చెమటకు మెత్తబడ్డ చీటీ అతని చేతిలో పెట్టింది. 'తొందరేం లేదమ్మా, భోజనాల తర్వాత ఇమ్మంటారా?' అన్నాడు. ఇప్పుడే, పరిగెత్తు అంది. సభలో పరిగెత్తకూడదు, అయినా అతను కాస్త పరిగెత్తాడు.

స్పీకరు చీటీ విప్పి, చదివి, కళ్ళద్దాల మీదుగా ఆమె వైపు చూసి, మళ్ళీ చదివారు. పదకొండుకు బెల్లు మోగింది. 'బయటికి వెళ్ళబోయే ముందు, గౌరవ సభ్యురాలు వ్యక్తిగత వివరణ ఇస్తానంటున్నారు' అన్నారు, చిన్నగా నవ్వుతూ, కృతజ్ఞతలు చెబుతుందనుకున్నారు కాబోలు. సగం లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. ఆమె లేచింది. ఎర్ర లైటు వెలిగింది. సరిగ్గా అప్పుడే, చూడండి చిత్రం, రిపోర్టర్ల బల్ల దగ్గర వంతు మారుతోంది, ఒకతను పుస్తకం మూసి లేస్తున్నాడు, ఒక చిన్నమ్మాయి గబగబా వచ్చి కుర్చీ లాక్కుంటోంది. కండక్టరమ్మ ఆగింది. మాట్లాడండి అన్నారు స్పీకరు. 'ఆ అమ్మాయిని కూర్చోనివ్వండి అధ్యక్షా. పోయినసారి ఇక్కడే తేడా వచ్చింది' అంది. ఎవరికీ అర్థం కాలేదు, కొందరు నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుంది, చెవులకు తొడుక్కుంది, పెన్ను పట్టుకుని తలెత్తి చూసింది. 'నా పేరు రాసుకున్నావా? సీటు చూసి కాదమ్మా, ముఖం చూసి రాసుకో. ఇప్పుడు చెప్పేది నాదే.'

చెప్పింది. గ్యాలరీ వైపు చూడకుండా చెప్పింది. మైకు చచ్చిపోవడం, తన మైకు వంచడం, రిపోర్టరు మారడం, పొద్దున్నే కవరు, మూత తీసిన పెన్ను. మాస్టారి పేరు నిండుగా, ఆయన ఊరితో సహా చెప్పింది, ఆయన పొద్దున్న అన్న హమ్మయ్య సంగతి మాత్రం చెప్పలేదు, అది ఆయన సొంతం. 'ఆ రాయి మీద ఉన్న మాటల్లో "ఆఖరి" అన్నది ఒక్కటే నాది, మిగతాదంతా ఆయనది. నా బండిలో పారేసుకున్న వస్తువును డిపోలో ఇవ్వకుండా ఇంటికి తీసుకెళ్ళాను అధ్యక్షా. ఇవాళ ఇస్తున్నాను. తెర తియ్యకండి. ముందు పేరు మార్చండి' అంది. గొంతు ఒక్కచోట కూడా వణకలేదు, ఎంతయినా ఆ గొంతు నూట పది మందిని ముందుకు జరిపిన గొంతు. స్పీకరు అద్దాలు తీసి తుడుచుకున్నారు, ఏదో ఒకటి అనాలి కదా, 'రికార్డు సవరణకు గడువు ఇరవై నాలుగు గంటలని సభ్యురాలికి తెలుసనుకుంటాను' అన్నారు. 'తెలుసు అధ్యక్షా. నా బండి ఎప్పుడూ టైముకే వచ్చేది. ఈ ఒక్క ట్రిప్పు ఆలస్యమైంది' అంది. ఎవరో ఫక్కుమన్నారు, తర్వాత ఇంకెవరో, తర్వాత రెండు వైపులా బల్లలు చరిచారు, పాలకపక్షం వాళ్ళు మాస్టారి కోసం, ఇవతలి వాళ్ళు ఆమె కోసం, ఎవరి కోసం ఎవరో తెలియని చప్పుడు.

అప్పుడు తలెత్తింది. రెండో వరుసలో కూతురి సీటు ఖాళీ. కుర్చీ మీద చేతిసంచి ఉంది, మనిషి లేదు. కూర్చోబోయి బల్ల అంచు పట్టుకుంది. వెళ్ళిపోయింది. వినలేక వెళ్ళిపోయింది, సంచి కూడా మరిచిపోయి, మెట్లు దిగిపోతూ ఉంటుంది ఇప్పుడు, కొత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుని. సరే, చేసుకున్నది అనుభవించాలి, ఇంటికి వెళ్ళాక కాళ్ళు పట్టుకుంటుంది, కన్నతల్లికి సిగ్గేమిటి, అనుకుంటూ కన్నీళ్ళు ఆపుకోవడానికి చూపు ఒక్క వరుస ముందుకు జరిపింది. మాజీ సభ్యుల వరుసలో, నడవా మెట్టు మీద, కూతురు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మాస్టారికి ఏమీ వినపడలేదు పాపం, అందరూ బల్లలు ఎందుకు చరుస్తున్నారో తెలియక అటూ ఇటూ చూస్తున్నారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. కూతురు ఆ చేతిని పక్కకు తీసి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెబుతోంది. వాళ్ళమ్మ ఇప్పుడే అన్న మాటలన్నీ మొదటి నుంచి చెబుతోంది. ఇంత దూరం నుంచి వినపడదు, కానీ కూతురి చెయ్యి లేవడం చూసి తెలుస్తోంది, బళ్ళో అప్పజెప్పిన రోజు లాగే, అక్షరం పొల్లుపోకుండా.